కణమునకు తూములు: పెద్దప్రేగు కాన్సరును గూర్చి కొన్ని మాటలు



గోదావరి మండలములలో పుట్టి పెరిగినవారికి తూము, లాకు, కాలువ అను మాటలకు వేరుగ అర్థము చెప్పనక్కరలేదు. ధవళేశ్వరముకడ సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852 నాటికి ముగిసినది. దానికి ఎంతో ఎగువన, భద్రాచలము దాటిన పిదప, దుమ్ముగూడెముకడ ఆ శతాబ్దముననే మరియొక ఆనకట్ట లేచినది. దుమ్ముగూడెము సీమను దాటి అడవి దిక్కునకు సాగినచో రాష్ట్రపు ఎల్ల వచ్చును. ఆ ఎల్లకు ఆవల, ఒకనాటి బస్తరు సంస్థానపు దక్షిణ కొసన, నేటి సుక్మా జిల్లాలో మరైగూడ యను ఊరు కలదు. పాలనాభాష హిందీ యైనను, సంతలోను బంధుత్వములోను ఆ సీమవారికి తెలుగు పరాయి భాష కాదు. దోర్లలు, కోయలు తమ మాటలతోపాటు తెలుగును పలుకుదురు.

నేటి ప్రసంగ విషయము పెద్దప్రేగునకు వచ్చు కాన్సరు. అందును ఆ వ్రణము పెరుగుటయందును, ప్రాకుటయందును జీవకణపు పొరలోని సూక్ష్మద్వారములకు గల పాత్ర. ఇట్టి ప్రయోగశాలా విషయమునకు మరైగూడతో పనియేమి యని తోచవచ్చును. విజ్ఞానము ఎంత పెరిగినది యను ప్రశ్నకు సమాధానము ప్రయోగశాలలో దొరకును. అది ఎంత దూరము చేరినది యను ప్రశ్నకు మాత్రము సమాధానము మరైగూడ వంటి చోటనే దొరకును. రెండును కలిసిననే లెక్క సరిపోవును.

ముందుగా కణమును గూర్చి. మానవ శరీరమునందలి ప్రతి కణమునకును చుట్టు ఒక పలుచని కొవ్వుపొర ఉండును. దానికి వెలుపల ఉప్పునీటివంటి ద్రవము, లోపల వేరొక ద్రవము. వెలుపల సోడియము అధికము, లోపల పొటాసియము అధికము. నీటిలో కరిగి విద్యుదావేశము పొందిన ఈ లవణాంశములనే అయానులు అందురు. కొవ్వుపొరను అయాను తనంత తాను దాటజాలదు. అందుకొరకు పొరయందు అచ్చటచ్చట మాంసకృత్తులతో నిర్మితమైన సన్నని దారులున్నవి. వానికి తలుపులు కూడ ఉన్నవి. ఒక తలుపు విద్యుత్తునకు తెరచుకొనును, ఒకటి వేరొక రసాయనము వచ్చి తాకినపుడు తెరచుకొనును, ఒకటి కేవలము ఒత్తిడికి తెరచుకొనును. శాస్త్రజ్ఞులు వీనిని అయాన్ ఛానెళ్లు అందురు. తెలుగున తూములనిన చాలును. తూము తలుపు ఎత్తినపుడు నీరు పల్లమునకు పారినట్లే, అయానులు తామధికముగ నున్న చోటినుండి తక్కువగ నున్న చోటికి పారును.

అయితే పల్లమనునది ముందుగ ఏర్పడవలెను గదా! నీటిని మెరకకు తోడువాడు ఒకడుండిననే తూమునకు పని. కణమున ఆ తోడుపని చేయునది సోడియము పొటాసియము పంపు. డెన్మార్కు దేశీయుడు యెన్స్ స్కౌ దీనిని 1957లో వెల్లడించి, నలువది ఏండ్ల పిదప, 1997లో నోబెల్ బహుమానము పొందెను. ఒక్కొక్క విడత ఈ పంపు మూడు సోడియము అయానులను వెలుపలికి నెట్టి, రెండు పొటాసియము అయానులను లోనికి తెచ్చును. అందుకు అది ఖర్చుచేయునది ఒక ఏ.టి.పి. అణువు.

ఈ ఏ.టి.పి.ని లోకమునకు తెలియజేసినవారిలో ఒకడు తెలుగువాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని ప్రకటించెను. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దానిని కనుగొనెను. కండరము ఏ శక్తితో ముడుచుకొనును అను ప్రశ్నకు వెదకగా దొరకిన ఆ అణువే, కణముల తూములన్నిటికిని నీటిని తోడిపెట్టు కూలియని తరువాత తెలియవచ్చినది.

ఒక్క తూమునుండి పారు విద్యుత్తును కొలుచుట చాలకాలము అసాధ్యముగ నుండెను. 1976లో జర్మనీకి చెందిన ఎర్విన్ నేహర్, బెర్ట్ సక్మన్ అనువారు సన్నని గాజుగొట్టము మొనను కణపొరకు ఆనించి, ఒకే తూము తెరచుకొనుటయు మూసుకొనుటయు నమోదు చేసిరి. వారికి 1991లో నోబెల్ బహుమానము లభించినది. 1998లో అమెరికా దేశమున రోడెరిక్ మెకిన్నన్ పొటాసియము తూము ఆకారమును ఎక్స్ కిరణముల సాయమున చూపెను. ఆయనకు 2003లో ఆ గౌరవము దక్కినది.

ఇక పెద్దప్రేగు. దినమునకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రవము ప్రేగులలోనికి వచ్చును. త్రాగిన నీరు అందులో కొద్దిభాగమే. మిగిలినది శరీరమే ఊర్చిన రసము. చిన్నప్రేగు అధికభాగమును పీల్చుకొనగా, లీటరున్నర లేక రెండు లీటర్లు పెద్దప్రేగునకు చేరును. దానిలోనుండి మలమున పోవునది నూరు, రెండువందల మిల్లీలీటర్లకు మించదు. ఇంతటి నీటిపారుదల వ్యవహారమంతయు ప్రేగు గోడలోని తూములు, పంపులు నడుపుచున్నవి.

ఆ తూములు చెడిన ఏమగునో మన దేశము కలరా కాలములలో చూచినది. 1959లో కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ దే, కలరా క్రిమి విడుచు విషమే ప్రేగులలోనికి నీరు ఊరుటకు కారణమని కుందేళ్లపై చేసిన ప్రయోగములతో రుజువు చేసెను. ఆ విషము సి.ఎఫ్.టి.ఆర్. అను క్లోరైడు తూమును తెరచి, మూయనీయక పట్టియుంచునని పిదప తెలిసినది. ఐనను ఉప్పును చక్కెరను కలిపి లోనికి తీసుకొనిపోవు దారి యొకటి చెడక మిగిలియుండును. ఆ ఆధారముపైననే ఉప్పు, చక్కెర కలిపిన నీరు వైద్యమైనది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున, బన్‌గావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబీస్ దానిని వేలమందికి ఇప్పించెను. నేడు ఆ పొట్లము మరైగూడ వంటి ఊళ్లకును చేరుచున్నది. తూముల విద్య అడవి పల్లెవరకు నడిచివచ్చిన మొదటి దారి ఇది.

అదే సి.ఎఫ్.టి.ఆర్. తూము కాన్సరు కథలోను కనబడుటయే విశేషము. ఆ తూము పుట్టుకతోనే చెడినవారికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి కలుగును. దాని జన్యువు 1989లో బయటపడినది. ఆ రోగులు పూర్వము బాల్యముననే మరణించెడివారు. వైద్యము పెరిగి వారు నడివయసునకు చేరిన పిదప, తక్కినవారికంటె పెద్దప్రేగు కాన్సరు వారికి అనేక రెట్లు అధికముగ వచ్చుచున్నట్లు గమనింపబడినది. అందువలన 2018లో అమెరికా నిపుణులు ఆ రోగులకు నలువదవ యేటనే ప్రేగు పరీక్ష మొదలుపెట్టవలెనని నిర్ణయించిరి. ఎలుకలలోను మానవుల వ్రణములలోను చేసిన పరిశోధనలు 2016లో ఆ జన్యువు ప్రేగునకు కావలికాడని తేల్చినవి. కె.సి.ఎన్.క్యు.1 అను పొటాసియము తూమును గూర్చియు అట్టి నిర్ణయమే వచ్చినది. అది తగ్గిన వ్రణములు కలవారికి రోగపు గతి హెచ్చు చెడుగా నుండుట చూచిరి.

కాన్సరును పూర్వపు తెలుగువారు పుట్టకురుపు అనిరి. పుట్ట పెరిగినట్లు లోలోన పెరుగునని ఆ మాటయందలి భావము కావచ్చును. ప్రేగు లోపలి పొర నాలుగైదు దినములకొకమారు క్రొత్తదగును. గోడలోని సన్నని గుంటల అడుగున మూలకణములు విభజనము చెందుచు, పిల్లకణములు పైకి జరుగుచు, పైకి చేరిన పిదప రాలిపోవుచుండును. ఎప్పుడు విభజింపవలెను, ఎప్పుడు ఆగవలెను అను ఆజ్ఞలను జన్యువులు ఇచ్చును. ఏ.పి.సి. అను జన్యువు చెడినపుడు ఆగుమను ఆజ్ఞ వినబడదు. అప్పుడు గోడపై చిన్న మొలకవంటి కండ లేచును. దానిని పాలిప్ అందురు. అట్టి మొలకలలో కొన్ని మాత్రమే, సాధారణముగ పది సంవత్సరములకు పైబడిన కాలమున, కాన్సరుగ మారును. ఈ పదేండ్ల వ్యవధియే వైద్యునకు దొరకు అవకాశము.

ఈ పెరుగుదలలో తూముల పాత్ర రెండు విధములు. మొదటిది సంఖ్య పెరుగుట. విశ్రాంతిగ నున్న కణమునకు లోపలి ప్రక్క ఋణవిద్యుత్తు హెచ్చుగ నుండును. వేగముగ విభజింపబడు కణములలో ఆ వ్యత్యాసము తగ్గియుండునని 1970 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కోన్ సూచించెను. విభజనము జరుగునపుడు ఆ వ్యత్యాసము దశదశకు మారవలసియుండును. పొటాసియము తూములు ఆ మార్పును నడుపును. ఈగ్ అను పొటాసియము తూము ఆరోగ్యవంతునిలో ముఖ్యముగ మెదడునందే ఉండును. కాని అనేక వ్రణములలో, పెద్దప్రేగు వ్రణములలోను, అది కనబడినది. తనకు సంబంధము లేని ఇంట దొరకిన వస్తువు దొంగను పట్టియిచ్చినట్లు, ఆ తూము ఉనికియే కణపు చెడుబుద్ధికి సాక్ష్యము. ఇక కాల్షియము తూములు. కాల్షియము కణమునకు వార్తాహరుడు. ఆ తూములు అదుపు తప్పి తెరచియుండిన, విభజింపుము అను వార్త మాటిమాటికి లోనికి పోవును.

రెండవ పాత్ర ప్రాకుట. కాన్సరు రోగిని చంపునది చాలవరకు మొదటి వ్రణము కాదు. అది ఇతర అవయవములకు వేయు సంతానము. పెద్దప్రేగు రక్తము కాలేయమునకు పోవును గనుక సంతానము మొదట కాలేయమున దిగుట పరిపాటి. కణము ఇల్లు విడిచి పోవలెనన్న చుట్టునున్న కట్టును కరగించి దారి చేసికొనవలెను. నరములలోను గుండెలోను ఉండవలసిన సోడియము తూములు, ప్రధానముగ గుండెకు చెందిన ఎన్.ఏ.వి.1.5 అనునది, పెద్దప్రేగు కాన్సరు కణములలో పనిచేయుచున్నట్లు తెలిసినది. ఆక్రమణకు కావలసిన జన్యువుల సమూహమును ఆ తూము నడుపుచున్నదని 2010లో ప్రకటింపబడినది. రొమ్ము కాన్సరు కణములలో జరిపిన పరిశోధనలు విధానమును కూడ చూపినవి. లోనికి వచ్చు సోడియముతోపాటు కణము ఆమ్లమును వెలికి నెట్టును. ఆమ్లమున పనిచేయు జీర్ణరసములు చుట్టునున్న కట్టును కరగించును. అటులనే హెర్గ్ అను పొటాసియము తూమును ఇటలీలోని ఫ్లోరెన్సు పరిశోధకులు 2004లో పెద్దప్రేగు వ్రణములలో గుర్తించి, ఆక్రమణ శక్తితో దానికి సంబంధమున్నదని చూపిరి.

అట్లయిన తూమును మూయు మందు ఇచ్చిన చాలదా యను ప్రశ్న సహజము. ఇచ్చటనే చిక్కు ఉన్నది. హెర్గ్ తూము గుండెకొట్టుకొనుటకు అత్యవసరము. దానిని మూయు మందులు గుండె లయను చెడగొట్టి ప్రాణము తీయగలవు. ఏ క్రొత్త మందునైనను బజారునకు విడుచుటకు ముందు ఆ తూమును అది మూయునా యని పరీక్షించుట నేటి నియమము. ఒక కాలువకు తూము మూసినచో వేరొక కాలువ క్రింద పైరు ఎండును. కావున వ్రణమునందలి తూమునకును గుండెయందలి తూమునకును గల సూక్ష్మభేదమును పట్టుకొను మందునకై శాస్త్రజ్ఞులు శ్రమించుచున్నారు.

అయినను ఆశకు ఆధారము లేకపోలేదు. ఆ ఆధారము మన దేశముననే లభించినది. దంతవైద్యుడు పన్ను తీయుటకు ముందు పొడుచు తిమ్మిరిమందు లిడోకెయిన్. అది సోడియము తూములను మూయును. ముంబయిలోని టాటా స్మారక వైద్యాలయపు డాక్టరు రాజేంద్ర బడ్వే నాయకత్వమున, దేశములోని పలు వైద్యాలయములలో రొమ్ము కాన్సరు రోగులపై ఒక పెద్ద పరీక్ష జరిగినది. కత్తి పెట్టుటకు ఏడు మొదలు పది నిమిషముల ముందు వ్రణము చుట్టు ఆ మందును ఎక్కించిరి. ఫలితములు 2023లో వెలువడినవి. ఐదేండ్ల పిదప జీవించియున్నవారు మందు పొందిన వర్గమున నూటికి 90.1 మంది, పొందని వర్గమున 86.4 మంది. అల్పవ్యయముతో దొరకు పాతమందు ఇది. తూములు మూయబడుటయే కారణమా, వేరొకటియా అను విచారము ఇంకను సాగుచున్నది. పెద్దప్రేగు కాన్సరునకు ఇదే ఫలితము వచ్చునని ఇప్పుడే చెప్పరాదు. దానిని వేరుగ రుజువు చేయవలెను. కాని ప్రశ్న అడుగదగినదని తేలినది.

ఈ సందర్భమున సుబ్బారావుగారిని మరల తలచుట న్యాయము. 1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరెను. 1945 నాటికి ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. 1948లో ఆయన కన్నుమూసెను. 1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్ కనుగొన్న ఫ్లోరోయురాసిల్ అను మందే నేటికిని పెద్దప్రేగు కాన్సరు చికిత్సకు మూలస్తంభము. దానికి బలము చేకూర్చుటకు ఫోలిక్ ఆమ్లపు జ్ఞాతియైన ఫోలినిక్ ఆమ్లమును కలిపి ఇత్తురు. ఫోల్‌ఫాక్స్ అను చికిత్సపేరులోని మొదటి అక్షరములు దానివే. పంపును నడుపు అణువును చూపినవాడును, ఫోలిక్ ఆమ్లపు వైద్యమునకు బాట వేసినవాడును ఒక్కడే యగుట తెలుగువారు మరువరాని సంగతి.

2022లో ప్రపంచమున సుమారు 19 లక్షల మందికి క్రొత్తగ ఈ వ్యాధి సోకెను. 9 లక్షలకు మించి మరణించిరి. కాన్సరు మరణములలో దీనిది రెండవ స్థానము. పాశ్చాత్యదేశములతో పోల్చిన మన దేశమున దీని వ్యాప్తి తక్కువ. కాని ఇచ్చట రోగి వైద్యుని చేరునది చాలమారులు ముదిరిన పిదప. అమెరికా లెక్కలలో వ్యాధి ప్రేగు దాటక మునుపు పట్టుబడినచో ఐదేండ్లు జీవించువారు నూటికి సుమారు 90 మంది. దూరపు అవయవములకు ప్రాకిన పిదప సుమారు 15 మంది. ఈ రెండంకెల నడుమ నున్నదంతయు కాలమే.

మరైగూడ వంటి చోట ఆ కాలము ఎట్లు జారిపోవునో ఆలోచింపదగును. ఈ వ్యాధికి మొదటి గుర్తు కొందరిలో మలమున రక్తము. మరికొందరిలో కంటికి కనబడకయే రక్తము పోయి, శరీరము పాలిపోవుట. దక్షిణ బస్తరున పాలిపోవుట వింత కాదు. మలేరియా కలదు. కొంకిపురుగు కలదు. సికిల్ సెల్ అను రక్తవ్యాధి కలదు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము బస్తరును మలేరియానుండి విముక్తము చేయ ఉద్యమము మొదలిడవలసివచ్చెను. ఇన్ని కారణములున్నచోట పాలిపోయిన నడివయస్కునికి ఇనుపమాత్ర ఇచ్చి పంపుట సహజము. రక్తము కనబడినచో మూలశంకయని నాటువైద్యుని ఆశ్రయించుట సహజము. సిగ్గుచేత ఇంటివారికైనను చెప్పకుండుటయు సహజమే. ఇందెవ్వరి దోషమును లేదు. కాని ఇన్ని సహజములు కూడిన పదేండ్ల వ్యవధి కరిగిపోవును.

ప్రభుత్వపు పరీక్షా కార్యక్రమమును గూర్చి ఒక మాట. సాంక్రామికములు కాని వ్యాధుల జాతీయ కార్యక్రమమున ముప్పది యేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖము అను మూడు కాన్సరులకు పరీక్ష నిర్ణయింపబడినది. ఆ మూటి వలన దేశమున హాని అధికము గనుక ఆ ఎంపిక సహేతుకమే. పెద్దప్రేగు అందులో లేదు. కావున అనుమానించు బాధ్యత రోగిమీదను, అతనిని మొదట చూచు కార్యకర్తమీదను పడుచున్నది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ కార్యకర్త మితానిన్. 2002లో ఆరంభమైన ఆ పథకపు స్త్రీలు పల్లెపల్లెకు కలరు. ఆమెకు తూముల విద్య నేర్పనక్కరలేదు. నాలుగు మాటలు తెలిసిన చాలును. మలమున రక్తము, కొన్ని వారములుగ మారిన విరేచనపు తీరు, కారణము లేక తగ్గిన బరువు, ఇనుపమాత్రకు తగ్గని పాలిపోవుట. వీనిలో ఏది యున్నను, మూలశంకయని తేల్చుటకు ముందు వైద్యుడు వ్రేలితో పరీక్షించి, అవసరమైన గొట్టముతో ప్రేగును చూడవలెను. మొలకగ నున్నపుడే తీసివేసిన కాన్సరే పుట్టదు. పొగాకు, మద్యము, స్థూలకాయము ముప్పును పెంచును. ఇప్పసారా యైనను సీమసారా యైనను ఈ విషయమున భేదము లేదు.

వైద్యమునకు దారి లేదనుటకును వీలులేదు. ఎల్లకు ఈవల భద్రాచలము, ఆవల సుక్మా, జగదల్‌పూరు వైద్యకళాశాల కలవు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డుతో పేదకుటుంబమునకు ఏటా ఐదు లక్షల రూపాయలవరకు ఆసుపత్రి వైద్యము లభించును. ఆ కార్డు స్వరాష్ట్రము దాటియు చెల్లును. ఎల్లవద్ద నివసించువానికి ఈ చివరి మాట అన్నిటికంటె ముఖ్యము. కాని ఆ మాట వానికి వానిభాషలో ఎవరు చెప్పవలెను?

ఇచ్చటనే ఇట్టి సంఘములకు పని కలదు. నగరములలోని కేంద్రోద్యోగికి 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ఆరోగ్య పథకపు వైద్యశాల అందుబాటున నున్నది. చీటీ వ్రాసిన పరీక్ష జరుగును. అట్టి సౌకర్యము గలవారు సంవత్సరమునకొకమారు నాటకమును, సంగీతమును ఆదరించుట శోభాకరమే. దానితోపాటు, సరిహద్దు తెలుగువారు పలుకు తెలుగులో, పై నాలుగు గుర్తులును కార్డు నియమమును తెలుపు ఒక్క పుట కరపత్రమును ముద్రించి, మితానినుల చేతికి, సంతలకు, ఆ ప్రాంతపు శిబిరములలోని తెలుగు సిబ్బందికి అందింపవచ్చును. అందుకగు వ్యయము ఒక సాయంకాలపు పూలదండల వ్యయమును మించదు.

హెర్గ్ తూమును గుండెకు హాని లేక మూయు మందు ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. అది వచ్చునాటికి దానిని వాడుకొనదగిన దశలో రోగి వైద్యుని యెదుట నుండవలెను. ఆ పని ప్రయోగశాలది కాదు. ఉప్పు, చక్కెర కలిపిన నీటిపొట్లమును కొంపకొంపకు చేర్చిన దారి ఇప్పటికిని ఉన్నది. రెండవమారు ఆ దారినే నడువవలసియున్నది.